దోర్నకల్ తండ్రిగారు

మా ఇంట్లో బియ్యం డబ్బా పక్కన ఇంకో చిన్న డబ్బా ఉండేది. పాత డాల్డా డబ్బా. అన్నం వండబోయే ముందు మా నానమ్మ చేటలో బియ్యం చెరిగి, అందులోంచి పిడికెడు తీసి ఆ డబ్బాలో వేసేది. పొద్దున ఒక పిడికెడు, రాత్రి ఒక పిడికెడు. ఆదివారం రాగానే ఆ బియ్యాన్ని తెల్లగుడ్డలో మూటగట్టి చర్చికి పట్టుకెళ్లేది. నెలాఖరున, నాన్న జీతం ఇంకా చేతికి రాని రోజుల్లో కూడా ఆ పిడికిలి ఆగలేదు. ఇంట్లో ఆ డబ్బా నిండా బియ్యం పెట్టుకుని, నన్నేమో గిన్నె ఇచ్చి పక్క క్వార్టర్‌కు బదులుకు పంపేది. నాకు ఏడుపొచ్చేంత కోపం. ఇదేం భక్తి అనుకునేదాన్ని.

ఇది నీకెవరు నేర్పారని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు. తండ్రిగారు.

తండ్రిగారంటే ఆమె కన్నతండ్రి కాదు. దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు. చరిత్ర పుస్తకాల్లో ఆయన పేరు ఏదో ఒక మూల కనిపిస్తుంది కానీ, మా నానమ్మ లాంటి ఆడవాళ్లకు ఆయన పుస్తకంలో మనిషి కాదు. ఎడ్లబండి దిగి, గూడెంలోకి నడిచివచ్చి, చాపమీద కూర్చున్న మనిషి.

మేం ఇప్పుడు ఉంటున్నది నస్పూర్‌లో. సీసీసీ కార్నర్‌కు దగ్గర. బొగ్గు మమ్మల్ని ఇక్కడికి తెచ్చింది. 1889లో ఇల్లెందు దగ్గర సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైంది కదా, ఆ బొగ్గును మోసే రైలు లైను వచ్చి కలిసే చోటే దోర్నకల్. మా తాత ఆ చుట్టుపక్కల గూడెం నుంచి ఇల్లెందు గనికి పోయాడు, అక్కడినుంచి బెల్లంపల్లికి. నాన్న బెల్లంపల్లి నుంచి శ్రీరాంపూర్‌కు. గనులు మారినా మా నానమ్మ మాత్రం దోర్నకల్‌ను వదల్లేదు, ఆ డబ్బాతో పాటు మోసుకుంటూ తిరిగింది.

అజరయ్య గారిది తెలుగు కూడా కాదండీ. తమిళ దేశం. తిరునెల్వేలి ప్రాంతంలో వెల్లాలన్‌విలై అనే చిన్న ఊరిలో 1874 ఆగస్టు 17న పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం పల్లెటూరి పాస్టరు. పెళ్లయిన చాలా ఏళ్లకు కలిగిన కొడుకు కావడంతో, బైబిల్లో హన్నా మొక్కుకుని కన్న బిడ్డ పేరే పెట్టి శామ్యూల్ అన్నారు. వాళ్లది నాడార్ కులం. ఒకప్పుడు తాళ్లెక్కి కల్లు గీసినవాళ్లని చిన్నచూపు చూసిన కులం. తండ్రి తొందరగా పోయారు. పెంచింది తల్లి ఎల్లెన్. ఆమె కూడా భక్తిలోనూ పట్టుదలలోనూ గట్టి మనిషే. కొడుకు మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో లెక్కలు చదివాడు గానీ డిగ్రీ చేతికి రాలేదు. డిగ్రీ లేని ఈ మనిషికే 1920లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

చదువు అయ్యాక వైఎంసీఏలో కార్యదర్శిగా దక్షిణాది అంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్ శామ్యూల్ గారిని పెళ్లి చేసుకున్నారు. ఆమె గురించి తర్వాత చెప్తాను, ఎందుకంటే ఆమె లేకపోతే ఈ కథ సగమే. కట్నం లేకుండా చేసుకున్న పెళ్లి అది. ఆ రోజుల్లో కాలేజీ మెట్లెక్కిన క్రైస్తవ ఆడపిల్లలు దక్షిణాదిన వేళ్లమీద లెక్కపెట్టేంత మంది. అందులో ఆమె ఒకరు.

ఆయన జీవితం మలుపు తిరిగింది 1902లో, సిలోను వెళ్లినప్పుడు. అక్కడ యాళ్పాణం తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ మనుషుల్ని సువార్తకు పంపుతున్నారు. తిరునెల్వేలిలో క్రైస్తవం వచ్చి వందేళ్లు దాటినా ఇంకా దొరల డబ్బు మీద, దొరల మాట మీదే నడుస్తోంది. ఆ సిగ్గు ఆయన్ను నిద్రపోనివ్వలేదు. మరుసటి ఏడు, 1903 ఫిబ్రవరిలో, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు. మనుషులు మనవాళ్లే, పైసా మనదే, పెత్తనం మనదే అన్నది పద్ధతి. 1905 క్రిస్మస్ రోజున బెంగాల్లోని సీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టింది. దానికీ ఆయనే కార్యదర్శి. స్వదేశీ ఉద్యమం ఊపందుకుంటున్న ఏడు అది. విదేశీ బట్ట తగలబెట్టే రోజుల్లో ఈయన విదేశీ డబ్బు మీద ఆధారపడ్డ సంఘాన్ని తన కాళ్లమీద నిలబెట్టాలనుకున్నారు.

ఆ తమిళ సొసైటీ పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని దోర్నకల్. వేరే భాష, వేరే రాజ్యం. అడవి. పంపిన సొసైటీకి కార్యదర్శి అయ్యుండీ తానే వెళ్లకపోతే ఏం మాట అని, 1909లో గురువుగా అభిషేకం పొంది, తానే బయల్దేరారు. వయసు ముప్పై అయిదు. ఆ వయసులో అ ఆలు దిద్దుకుని తెలుగు నేర్చుకున్నారు. మొదట్లో డేరాలోనే కాపురం.

మరుసటి ఏడు ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ. వచ్చిన పన్నెండు వందల మందిలో మన ఆసియా వాళ్లు ఇరవై మంది కూడా లేరు. అక్కడ నిలబడి ఈయన చెప్పిన మాట సభకు కారం పెట్టినట్టయింది. మీరు మాకోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఒప్పుకుంటాం, కానీ మమ్మల్ని సాటి మనుషులుగా పక్కన కూర్చోబెట్టుకోవడం మాత్రం మీకు చేతకాలేదు, మాకు కావలసింది స్నేహం అన్నది ఆ ప్రసంగ సారం. కొందరు దొరలకు కోపం వచ్చింది. అయినా ఆయన మాట వెనక్కి తీసుకోలేదు.

ఇలాంటి మనిషిని బిషప్ చేద్దామని మద్రాసు బిషప్ వైట్‌హెడ్ గారు పట్టుబడితే ఊరుకుంటారా? భారతీయుడి చేతికింద మేం పని చేయాలా అని గొణిగిన తెల్లవాళ్లున్నారు. అది అర్థమవుతుంది. ఆయన కులం చూసి అడ్డం చెప్పిన మన పైకులాల క్రైస్తవులూ ఉన్నారు. అదే నాకు మింగుడుపడదు. ఏమైతేనేం, 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెథడ్రల్‌లో పదకొండు మంది బిషప్‌లు ఆయన తలమీద చేతులుంచారు. దోర్నకల్‌కు బిషప్ వచ్చాడు.

మొదట చిన్న డయోసిస్. 1920 తర్వాత కృష్ణా జిల్లా సంఘాలు కూడా కలిసి చాలా పెద్దదైంది. అందులో చేరుతున్నవాళ్లు ఎవరు? మాల, మాదిగ గూడేల వాళ్లే ఎక్కువ. ఒక్కొక్కరుగా కాదు, కుటుంబాలకు కుటుంబాలు, గూడేలకు గూడేలు. 1935 నాటికి 250 మంది దాకా భారతీయ గురువులు, 2000కు పైగా పల్లె ఉపాధ్యాయులు ఆ డయోసిస్‌లో పనిచేస్తున్నారు. రెండు లక్షలు దాటిన క్రైస్తవులు. అంతమందికీ ఒక్కసారి నీళ్లు చల్లి వదిలేయడం ఆయనకు ఇష్టం లేదు. పేరు మారితే చాలదు, బతుకు మారాలన్నారు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను ముందు తరమండి అని ఊరూరా చెప్పారు. సహకార సంఘాలు పెట్టించారు, వైద్యం తెచ్చారు, బడులు తెరిపించారు.

మా నానమ్మ ఆ రోజుల్లోనే కన్ఫర్మేషన్ పొందింది. పద్నాలుగేళ్ల పిల్ల. తండ్రిగారు వస్తున్నారని గూడెమంతా అలికి ముగ్గులు పెట్టారట. డప్పులు కొట్టుకుంటూ ఊరి బయటికి ఎదురెళ్లారట. తెల్లటి అంగీతో, చేతిలో కర్రతో వచ్చిన ఆ నల్లటి మనిషిని చూసి, ఇంత పెద్ద గురువు మనలాగే ఉన్నాడేమిటి అని ఆశ్చర్యపోయానని ఎన్నిసార్లు చెప్పిందో.

ఆయన అలవాటు ఒకటుంది. బాప్తిస్మం పొందినవాళ్ల చేత వాళ్ల చెయ్యిని వాళ్ల నెత్తిమీదే పెట్టించేవారు. నేను బాప్తిస్మం పొందినదాన్ని, నాకు తెలిసిన సువార్తను నలుగురికీ చెప్పకుండా ఉంటే నాకు గతిలేదు అనే అర్థం వచ్చేలా ఒప్పుకోలు చెప్పించేవారు. చదువు రాని కూలి ఆడది కూడా సంఘంలో పనిమనిషి కాదు, పని ఉన్న మనిషి అని దాని భావం. మా నానమ్మ ఆ చెయ్యి చాలాచోట్ల పెట్టింది. ఒకసారి అది నా మెడకే చుట్టుకుంది. అదీ చెప్తాను.

ముందు అన్బు గారి సంగతి. చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని భాష రాని ఊరికి వచ్చారామె. దోర్నకల్‌లో ఉపదేశకులకు, గురువులకు తర్ఫీదు ఇచ్చే బడి ఉండేది. అందులో మగవాడు ఒక్కడే వస్తే సరిపోదని అక్కడి పద్ధతి. భార్య కూడా రావాలి. భర్త ఒకవైపు వేదపాఠం చదువుతుంటే, భార్య ఇంకోవైపు అక్షరాలు, బైబిలు, పిల్లల పెంపకం, ఇంటి శుభ్రత నేర్చుకునేది. స్త్రీల పనికి పెద్దదిక్కు అన్బు గారే. ఇది చిన్న విషయంలా కనబడుతుంది కానీ ఆలోచించండి. ఒక గూడెంలోకి ఉపాధ్యాయుడితో పాటు చదవడం వచ్చిన ఆడమనిషి అడుగుపెట్టడం, ఆ గూడెం ఆడవాళ్లు పుస్తకం పట్టుకున్న ఆడదాన్ని మొదటిసారి చూడడం. మా నానమ్మకు సంతకం నేర్పింది అలాంటి ఒక అమ్మగారే. పిడికెడు బియ్యం సంగతి కూడా అంతే. సంఘం సొంత కాళ్లమీద నిలబడాలంటే ఇవ్వాలి. కూలి డబ్బు మగవాడి చేతిలో, కొన్నిసార్లు కల్లు దుకాణంలో. ఆడదాని చేతిలో ఉన్నది చేటలో బియ్యమే. ఆమె ఎవర్నీ అడక్కుండా ఇవ్వగలిగింది అదొక్కటే. ఇంతకాలానికి నాకు అర్థమైంది. క్రైస్తవ ఇవ్వడం గురించి ఆయన ఏకంగా పుస్తకమే రాశారు.

నా పదో ఏట నానమ్మ నన్ను దోర్నకల్ తీసుకెళ్లింది. సింగరేణి ప్యాసింజర్‌లో, మూటలు, టిఫిను డబ్బాలతో. గుడి కనిపించగానే నేను అది మసీదనుకున్నాను. పైన గుమ్మటాలు. లోపలికెళ్తే దేవాలయం మంటపంలో ఉన్నట్టు రాతి స్తంభాలు, తామరపూలు. తామరపూల నడుమ సిలువ. ఇరవై అయిదేళ్లు కట్టారట. డబ్బు ఉన్నప్పుడు కట్టడం, లేనప్పుడు ఆపడం. 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగ రోజున ప్రతిష్ఠ జరిగింది. ఇంగ్లండ్ చర్చికి నకలు కట్టకుండా, ఈ నేలమీద ఉన్న మూడు మతాల కట్టుబడినీ కలిపి కట్టించారు. క్రీస్తును నమ్మినంత మాత్రాన తెలుగుదనం మానుకోనక్కర్లేదని ఆయన పట్టు. మన రాగాల్లో కీర్తనలు, కోతపండుగలు, జాతర లాంటి కూటాలు. చెప్పులు బయట విడిచి లోపలికెళ్లి నేలమీద కూర్చున్నాం. గుడి ఆవరణలోనే ఆయన సమాధి. నానమ్మ అక్కడ మూట విప్పి గుప్పెడు బియ్యం పెట్టబోతే, ఇది పూజ కాదమ్మా అని ఎవరో పెద్దాయన వారించాడు. ఆమె నవ్వి, తెలుసులే అని మూటను కానుకల పళ్లెంలో పెట్టి వచ్చింది.

ఆయనకు అన్నీ చేతనయ్యాయని చెప్పను. కులం ఓడించినంత పని చేసింది. మాల, మాదిగ ఇద్దరూ క్రైస్తవులే, కానీ బావి వేరు, పిల్లనివ్వడం లేదు. ప్రభు సంస్కారంలో ఒకే గిన్నె అని ఆయన పట్టుబట్టారు. మా నానమ్మ ఊళ్లో ఆ మొదటి ఆదివారం సగంమంది ఇళ్లలోనే ఉండిపోయారట. 1935లో అంబేద్కర్ గారు హిందువుగా చనిపోనని ప్రకటించిన తర్వాత అజరయ్య గారిని కలిసినప్పుడు, మేమంతా క్రైస్తవంలోకి వస్తే ఎక్కడున్నా ఒకే సంఘంగా ఉండగలమా, అందులో కులం ఉండదా అని అడిగారని, దానికి ఆయన సిగ్గుతో జవాబు చెప్పలేకపోయారని చెబుతారు. సంఘాలన్నీ ఒకటి కావాలని 1919లో తరంగంబాడి సమావేశం నుంచీ ఆయన పాకులాడింది అందుకే. కానీ ఒకటయ్యింది డినామినేషన్లే. కులాలు కాలేదు.

గాంధీగారితోనూ పేచీ వచ్చింది. గూడేలు గూడేలు మతం మారితే అది మనసు మార్పు ఎలా అవుతుందని గాంధీగారి వాదన. పేదవాడికి మనసు లేదా, వాడు తన నిర్ణయం తాను తీసుకోలేడా అన్నట్టుంది అజరయ్య గారి వైఖరి. ఇద్దరూ దేశాభిమానులే, ఇద్దరూ నిరాడంబరులే, అయినా దీనిమీద కలవలేదు. చిత్రమేమిటంటే, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు కావాలని కొందరు అడుగుతుంటే, వద్దని నిలబడింది కూడా అజరయ్య గారే. సంఘం అంటే ఓట్ల లెక్క కాదు, అలా చేస్తే బాప్తిస్మం పొందిన ప్రతి మనిషినీ ఏదో లాభానికి వచ్చాడని అనుమానిస్తారని ఆయన భయం.

ఇక్కడే నా కథ వస్తుంది. 1976. బెల్లంపల్లి. హైస్కూల్లో నా పేరు రాయించేటప్పుడు నాన్న మతం దగ్గర హిందూ అనీ, కులం దగ్గర ఎస్సీ అనీ రాయించాడు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు కదా. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ గీత చెరిపారు. క్రైస్తవులకు ఇప్పటికీ చెరపలేదు. 1970లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మతం మారిన ఎస్సీలను బీసీ-సి అని పెట్టి ఒక్క శాతం ఇచ్చింది. ఎస్సీ అంటే స్కాలర్‌షిప్, హాస్టలు సీటు. గనిలో షిఫ్టు చేసే మనిషికి అది ఎంత ఆసరానో చెప్పక్కర్లేదు. చాలామంది అలాగే రాయించారు, ఇప్పటికీ రాయిస్తున్నారు. నేను వాళ్లను తప్పుపట్టను.

నానమ్మకు తెలిసింది. ఎవరికీ చెప్పకుండా బడికి నడిచి వెళ్లింది. హెడ్‌మాస్టరు ముందు నిలబడి, నెత్తిమీద చెయ్యి పెట్టుకుని, మా పిల్ల క్రైస్తవురాలు, పుస్తకంలో అట్లే రాయండి అంది. ఆయన మంచాయనే, పెద్దమ్మా నష్టపోతావని రెండుసార్లు చెప్పాడు. వినలేదు. రాశారు. నాకు హాస్టలు సీటు రాలేదు. పదో తరగతి తర్వాత కాలేజీ లేదు. నాన్న రెండేళ్లు ఆమెతో సరిగా మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆమె మాత్రం రోజూ పిడికెడు బియ్యం తీస్తూనే ఉంది.

చాలా ఏళ్లు నా కోపం ఆమెమీద కాదు, తండ్రిగారి మీద. లాభం లేకుండా విశ్వాసంగా ఉండు అని చెప్పడం తేలికే, బిషప్ పిల్లలకు చదువు ఆగదు కదా అనుకునేదాన్ని. తర్వాత ఆయన గురించి దొరికినవన్నీ చదివాక కొంత మెత్తబడ్డాను, పూర్తిగా కాదు. ఆయన పోయింది 1945 జనవరి 1న. స్వాతంత్ర్యం చూడలేదు. తాను కష్టపడిన సంఘాల కలయికతో 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన రోజూ చూడలేదు. 1950 ఉత్తర్వూ చూడలేదు. ఆయన వద్దన్నది రాజకీయ లాభం. పేదపిల్ల చదువును ఆమె ప్రార్థనతో తూకం వేయమని ఆయన ఎక్కడా చెప్పలేదు. ఆ తూకం తెచ్చిపెట్టింది చట్టం. కానీ తూకం ముందు నిలబడ్డప్పుడు ఏ వైపు చెయ్యి వేయాలో నానమ్మ ఆయన దగ్గర నేర్చుకున్నదాన్ని బట్టే వేసింది. ఇద్దరినీ విడదీసి కోపగించుకోవడం నాకు చేతకాలేదు.

నానమ్మ 1998లో పోయింది. మాట పడిపోయిన చివరి రోజుల్లో చర్చి అయ్యగారు వచ్చి ప్రార్థన చేస్తుంటే, ఆమె కుడిచెయ్యి మెల్లగా పైకి లేచి నెత్తిమీదికి వెళ్లడం అందరం చూశాం. స్త్రీల మైత్రి వాళ్లు ఏడ్చారు. నాన్న బయటికి వెళ్లి చాలాసేపు నిలబడ్డాడు.

ఇప్పుడు జిల్లా మంచిర్యాల అయింది, కలెక్టరేటు మా నస్పూర్‌లోనే కట్టారు. మొన్న మనవరాలు కాలేజీ సీటుకని మీసేవలో కుల ధ్రువపత్రం దరఖాస్తు నింపుతూ, అమ్మమ్మా ఇక్కడ ఏం రాయాలి అని అడిగింది. దానికి ఆ పాత కథంతా చెప్పాను. హెడ్‌మాస్టరు చెప్పినట్టే నష్టపోతావని కూడా చెప్పాను. కాసేపు పెన్ను కొరుక్కుంటూ కూర్చుని, క్రైస్తవ, బీసీ-సి అని రాసింది. నువ్వు చెప్పావని కాదు, రేపు ఎవరైనా అడిగితే రెండు పేర్లు గుర్తుపెట్టుకోవడం నాకు చేతకాదు అంది.

జనవరిలో ఎపిఫనీకి దోర్నకల్ వెళ్దామంటోంది. గుమ్మటాలు చూడాలట. డాల్డా డబ్బా ఎప్పుడో తుప్పుపట్టి పోయింది. ఇప్పుడు స్టీలు డబ్బా. ఈ నెల బియ్యం రెండు కిలోల దాకా అయ్యాయి.